మూడు గ్లాసుల గేదె పాలు, ఒక వసకొమ్ము: అన్నం తినని నాలుగేళ్ల బాబు కేసు

బాబుకి 4 ఏళ్ల 2 నెలలు. పాలకొల్లు పక్కన పల్లెటూరు, తండ్రిది చేపల చెరువుల మీద పని. తీసుకొచ్చింది అమ్మా, నాయనమ్మా. నాయనమ్మ ఒళ్లో 5 నెలల చెల్లెలు. వచ్చిన కారణం నాయనమ్మే చెప్పింది: "ఏమీ తినడండీ డాక్టరమ్మా. బలానికి ఏదన్నా లేహ్యం రాసివ్వండి. మా వీధిలో ఒకళ్లు అశ్వగంధ వాడితే పిల్లాడికి బుగ్గలొచ్చాయంట."

పిల్లల వైద్యం చేసే ఆయుర్వేద డాక్టర్లందరికీ రోజూ వినిపించే మాటే ఇది. ఈ కేసు రాయడానికి కారణం, ఇందులో మూలికలు పని చేసిన తీరు జనం అనుకునే తీరుకి కాస్త భిన్నంగా ఉండటం. ఇంటివాళ్ల అనుమతితో, గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.

తినడు అంటే ఏమిటి?

ముందు రోజు పొద్దున్న లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే దాకా నోట్లోకి వెళ్లినవన్నీ వరసగా చెప్పించాను. లేవగానే చాక్లెట్ పొడి కలిపిన గ్లాసుడు పాలు. తర్వాత ఇడ్లీ సగం. బడిలో బిస్కెట్లు. మధ్యాహ్నం క్యారేజీ మూత తీసినట్టే తీసి మళ్లీ ఇంటికి. సాయంత్రం ఇంకో గ్లాసు పాలు, వీధి చివర కొట్లోంచి కరకరలాడే ప్యాకెట్ ఒకటి, నాయనమ్మ తాగే టీలోంచి సాసర్లో కాస్త. రాత్రికి "అన్నం వద్దన్నాడు కదా, కనీసం పాలైనా తాగుతాడు" అని మరో గ్లాసు. ఆ గ్లాసు ఎంతదని అడిగితే అమ్మ చేత్తో చూపించింది. 250 మిల్లీలీటర్ల స్టీలు గ్లాసు. అంటే రోజుకి ముప్పావు లీటరు చిక్కటి గేదె పాలు.

పిల్లవాడు తింటూనే ఉన్నాడు, అన్నం ఒక్కటే తినడం లేదు. ఆకలికి చోటు లేదు. పాలు మాత్రమే తాగే వయసుని క్షీరప అనీ, పాలూ అన్నమూ కలిసే వయసుని క్షీరాన్నద అనీ, రెండేళ్లు దాటాక అన్నాద అనీ సుశ్రుతుడు విడదీశాడు. వయసు ప్రకారం మనవాడు అన్నాదుడు, కంచం ప్రకారం ఇంకా క్షీరాన్నద దశలోనే ఆగిపోయాడు. పాలలో ఇనుము దాదాపు లేదు. పైగా పాలలోని కాల్షియం, టీలోని టానిన్లు అనే వగరు పదార్థాలు మిగతా తిండిలో ఉన్న కాస్త ఇనుమునీ ఒంటికి పట్టనివ్వవు.

విరేచనం సంగతి అడిగాను. "రోజూ అవుతుందండీ" అంది అమ్మ. నాయనమ్మ అడ్డొచ్చింది: "ఎక్కడే? మూడ్రోజులకోసారి. అప్పుడు కూడా తలుపు వెనక్కి పోయి, గెడ పట్టుకుని, కాళ్లు మెలేసుకుని నిలబడతాడు. మొహం ఎర్రగా అయిపోద్ది." అమ్మ వంక చూస్తే, నిక్కరుకి అప్పుడప్పుడూ మరకలు ఉంటున్నాయనీ, అవి నీళ్ల విరేచనాలు అనుకున్నాననీ చెప్పింది.

అది చూసి పిల్లవాడు ముక్కుతున్నాడనుకుంటారు. నిజానికి ఆపుకుంటున్నాడు. ఒకసారి గట్టిపడిన మలం నొప్పి పెడుతుంది. ఆ భయంతో తర్వాతిసారి బిగపడతాడు. లోపల ఇంకా గట్టిపడుతుంది. దాని పక్కనుంచి పల్చటిది జారి నిక్కరుకి మరక అవుతుంది. పేగు నిండి ఉన్న పిల్లవాడికి ఆకలి వేయదు. బడిలో చేరాక అక్కడి దొడ్డికి వెళ్లడం ఇష్టంలేక ఇది మొదలైందని అడగ్గా అడగ్గా తేలింది.

సంచిలో ఏమున్నాయి?

మొదటిసారి వచ్చేవాళ్లకి ఫోన్లోనే చెబుతాను: ఇంట్లో పిల్లలకి పట్టేవన్నీ, పేరున్నవీ లేనివీ, సంచిలో వేసుకు రమ్మని. ఈ సంచిలోంచి వసకొమ్మూ సానరాయీ, తేనె సీసా, కర్పూరం కరిగించిన కొబ్బరినూనె, ఆముదం, చీటీ లేని ప్లాస్టిక్ డబ్బాలో గోధుమ రంగు పొడి బయటికొచ్చాయి.

ఆముదం నెలకోసారి కడుపులోకి. మన ఊళ్లలో పాత అలవాటే. కానీ మలబద్ధకంతో బిగపట్టే పిల్లవాడికి ఆముదం పడితే కడుపు మెలిపెట్టి ఒక్కసారిగా అవుతుంది. నొప్పి గుర్తుండిపోతుంది, మర్నాటి నుంచి బిగపట్టడం ఇంకా పెరుగుతుంది. కర్పూరం నూనె జలుబు చేసినప్పుడు ఛాతీకి, ముక్కు దగ్గర. ఇక్కడ నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను. కర్పూరం చిన్నపిల్లల మెదడుకి విషం. కడుపులోకి పోతే నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు, చర్మం గుండా కూడా ఒంట్లోకి ఇంకుతుంది. దేవుడి గూట్లో కర్పూరం బిళ్లలు పిల్లలకి అందే ఎత్తులో పెట్టే ఇళ్లు ఎన్నో చూశాను.

నన్ను ఎక్కువ కంగారు పెట్టింది గోధుమ రంగు పొడి. తిరునాళ్లలో కొన్న "అరుగుదల పొడి" అట. లైసెన్సు నంబరు లేదు, బ్యాచ్ లేదు, అందులో ఏముందో రాసిన కాగితం లేదు. ఇలాంటి పేరూ ఊరూ లేని పొడులలో సీసం కలిసి ఉండటం కొత్త విషయం కాదు. ఘసార్డ్ అనే పేరుతో మనవాళ్లు పిల్లల అరుగుదలకి వాడే గోధుమ రంగు పొడిని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ సీసం ఉన్న మందుల జాబితాలో చేర్చింది. సీసం ఒంట్లో చేరితే పిల్లల్లో ఏం కనిపిస్తుంది? ఆకలి మందగించడం, మలబద్ధకం, కడుపునొప్పి, రక్తహీనత. ఎదురుగా కూర్చున్న పిల్లవాడివి అచ్చంగా అవే లక్షణాలు. కాబట్టి దాన్ని తోసిపుచ్చకుండా మూలికల మాట ఎత్తడం కుదరదు.

పరీక్ష

బరువు 13.8 కిలోలు, ఎత్తు 100 సెంటీమీటర్లు. ఆ వయసు మగపిల్లలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో మధ్యస్థ బరువు పదహారున్నర కిలోల చుట్టూ ఉంటుంది. మనవాడు ప్రమాద గీత కింద లేడు గానీ దానికి దగ్గర్లో ఉన్నాడు. కింది కనురెప్ప లోపల పాలిపోయి ఉంది. నాలుక మీద తెల్లటి పూత. పొట్ట ఎడమ వైపు కింద చెయ్యి పెడితే గట్టి ఉండలు తగిలాయి. మలద్వారం దగ్గర చిన్న చీలిక. ముక్కు కారుతోంది, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి.

పుట్టిన 48 గంటల్లోపే మొదటి విరేచనం అయింది. పసర వాంతులు లేవు, పొట్ట ఉబ్బరం లేదు. అంటే పుట్టుకతో వచ్చిన పేగు లోపం అనుమానించే గుర్తులు లేవు. అయినా ఆ రోజు నేను ఏ మందూ రాయలేదు. ఊళ్లోని పిల్లల డాక్టరు గారికి చీటీ రాసి పంపాను. వాళ్లు చేయించిన పరీక్షల్లో హిమోగ్లోబిన్ 9.6. ఆ వయసుకి 11 కంటే తక్కువైతే రక్తహీనతే. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ కూడా తక్కువ, అంటే ఇనుము లోటు. సీసం పరీక్షకి రక్తం హైదరాబాద్ వెళ్లింది. డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములో, అంతకు మించో ఉంటే ఎక్కువ అని సీడీసీ లెక్క. మనవాడిది దానికి కింద వచ్చింది. పొడి డబ్బా అప్పటికే చెత్తబుట్టలో ఉంది.

పిల్లల డాక్టరు గారు ఇనుము సిరప్ బరువుని బట్టి కిలోకి 3 మిల్లీగ్రాముల లెక్కన, మలం మెత్తబడటానికి పాలీఎథిలీన్ గ్లైకాల్ పొడి ఇచ్చారు. నులిపురుగుల నివారణ దినం నాడు బాబు బడికి వెళ్లలేదు కాబట్టి ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల బిళ్ల కూడా వేయించారు. ఈ మూడింట్లో దేన్నీ నేను ముట్టుకోలేదు. 9.6 హిమోగ్లోబిన్‌ని ఎండుద్రాక్షతోనో బెల్లంతోనో ఎక్కిస్తానని చెప్పే వైద్యుడి మాట నమ్మొద్దని మా జూనియర్లకి కూడా చెబుతాను.

ఇచ్చినవి

మూలికల్లో మొదట వద్దనుకున్నవి చెబుతాను. అశ్వగంధ వద్దు. దాని వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు పెద్దవాళ్లలో సైతం నమోదవుతున్నాయి, డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. ఇంత చిన్నవాడికి బుగ్గల కోసం అది ఇవ్వడానికి నాకు కారణం కనిపించలేదు. త్రిఫల మలబద్ధకానికి మంచిదే, కానీ కరక్కాయలో, తానికాయలో టానిన్లు ఎక్కువ. ఇనుము సిరప్ నడుస్తున్నప్పుడు దాని పనికి ఇది అడ్డుపడుతుంది. అతిమధురం తియ్యగా ఉండి పిల్లలు ఇష్టపడతారు. వారాల తరబడి ఇస్తే ఒంట్లో పొటాషియం తగ్గించి బీపీ పెంచుతుంది కాబట్టి రోజువారీ వాడకానికి పనికిరాదు. సునాముఖి సంగతి చెప్పనక్కర్లేదు, అదీ ఆముదం దారిదే.

మిగిలినవి వంటింట్లోనే ఉన్నాయి.

రాత్రి ఓ పది, పన్నెండు నల్ల ఎండుద్రాక్షలు కడిగి అర గ్లాసు నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే వేళ్లతో నలిపి, తొక్కు తీసి, నీళ్లతో సహా తాగించడం. లేవగానే వెళ్లే పాల గ్లాసు స్థానంలోకి ఇది వచ్చింది.

మధ్యాహ్నం, రాత్రి అన్నంలో మొదటి ముద్ద పొడితో. నీడలో ఆరిన కరివేపాకు గుప్పెడు, దోరగా వేగిన జీలకర్ర చెంచా, వాము పావు చెంచా, శొంఠి పొడి పావు చెంచా, తగినంత ఉప్పు. మిరపకాయ లేదు. మెత్తగా దంచి, వేడన్నంలో పావు చెంచా పొడి, అర చెంచా నెయ్యి. బాలింతలకి పెట్టే శొంఠి ముద్ద ఎరుగని ఇల్లు గోదావరి జిల్లాల్లో ఉండదు, ఇది దాని చిన్న తమ్ముడు. మోతాదు ఎలా అంటే, పెద్దవాళ్లకి సగటు బరువు 68 కిలోలు అనుకుని పిల్లవాడి బరువుతో పోల్చే పాత లెక్క ఒకటి ఉంది. 13.8 కిలోలకి అది ఐదో వంతు. ఘాటు దినుసుల విషయంలో నేను ఆ ఐదో వంతుకి కూడా తక్కువలోనే మొదలుపెడతాను.

సాసర్లో టీ ఆపేయమంటే నాయనమ్మకి మనసు ఒప్పలేదు. వాడికి అది ముద్దు, ఆవిడకి అది సంబరం. సాసర్ అలాగే ఉంచి లోపలిది మార్చాం. ధనియాలు కచ్చాపచ్చాగా దంచి, చిటికెడు సోంపు వేసి, నీళ్లలో మరిగించి, వడకట్టి, చిన్న బెల్లం ముక్క. మా చిన్నప్పుడు ఇంటింటా ఉన్న ధనియాల కాఫీయే, పాలు లేకుండా. వాడు రుచి మారిందని మొదటి రోజు మొహం చిట్లించాడట. నాయనమ్మ తన గ్లాసులోనూ అదే పోసుకునేసరికి తాగేశాడు.

ఆముదం సీసా పారేయించలేదు. గోరువెచ్చగా చేసి పొట్ట మీద బొడ్డు చుట్టూ గడియారం ముల్లు తిరిగే వైపుకి రాత్రిపూట మెల్లగా రాయమన్నాను. కడుపులోకి చుక్క కూడా వద్దు. ఇది నేరుగా మలబద్ధకం పోగొడుతుందని నేను అనను. పొట్ట మీద చెయ్యి వేయనివ్వని పిల్లవాడు వారం తిరక్కుండా వేయించుకున్నాడు, అది నాకు చాలు.

ఇవన్నీ ఒక ఎత్తు, పీట ఒక ఎత్తు. ఇంట్లో కొత్తగా కట్టింది వెస్టర్న్ కమోడ్. వాడు కూర్చుంటే కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి. కాళ్లకి ఆధారం లేకుండా ముక్కడం ఎవరికీ కుదరదు. పూజకి కూర్చునే చెక్కపీట ఒకటి పాతది ఉందంటే దాన్ని కమోడ్ ముందు వేయించాం. అన్నం తిన్నాక ఓ ఐదు నిమిషాలు, అయినా కాకపోయినా కూర్చోబెట్టడం, తిట్టకపోవడం.

ఇనుము సిరప్ మాత్రం నిమ్మరసం నీళ్లతో. పాలకి గంట ముందో రెండు గంటల తర్వాతో. ఉసిరికాయలు దొరికే రోజుల్లో పప్పులో ఒకటి. మునగాకు వారానికి రెండుసార్లు. పాలు రోజుకి ఒక్క గ్లాసు, అది కూడా సాయంత్రం.

పసుపు పాల గురించి అమ్మ అడిగింది. వేసుకోవచ్చు, కానీ మరీ నిగనిగలాడే కొన్న పొడి వద్దన్నాను. రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపే మోసం మన దేశంలో బయటపడినదే. దుగ్గిరాల పసుపు యార్డు ఎంత దూరమని, కొమ్ములు తెచ్చుకుని మరలో ఆడించుకుంటే సరిపోతుంది.

వసకొమ్ము సంగతి

వస పడుతున్నది నిజానికి చెల్లెలికి. ఆదివారం ఆదివారం సాన మీద అరగదీసి, తేనెలో రంగరించి నాలిక్కి. "మాటలు బాగా వస్తాయమ్మా. మా పెద్దాడికి పోశాను, లెక్చరరయ్యాడు" అంది నాయనమ్మ. ఆవిడ మాటల ధోరణి చూస్తే వాళ్లమ్మ ఆవిడకీ బాగానే పోసి ఉంటుందని నేనన్నాను, ఆవిడ పకపకా నవ్వింది.

నవ్వించాక చెప్పాల్సింది చెప్పాను. వస మన గ్రంథాల్లో పిల్లల మేధకి చెప్పిన మూలికే, కాదనను. కానీ మన దేశంలో దొరికే వసలో బీటా ఆసరోన్ అనే పదార్థం ఎక్కువ. జంతువుల మీద చేసిన పరీక్షల్లో అది క్యాన్సర్ కలిగించింది. అమెరికా 1968లోనే వసని ఆహారంలో వాడకుండా నిషేధించింది. గ్రంథాల్లో చెప్పిన శోధన, అంటే చెడు గుణం తీసే శుద్ధి, చేయకుండా, బజార్లో కొమ్ము కొని, కొలత లేకుండా అరగదీసి నెలల పిల్లకి నాకించడం శాస్త్రం కూడా చెప్పని పని. వాంతులతో, మగతతో ఆసుపత్రికి చేరిన పసివాళ్లు ఉన్నారు.

తేనె మాట ఇంకా స్పష్టం. ఏడాది నిండని బిడ్డకి తేనె వద్దు, స్వచ్ఛమైనదైనా, కొండ తేనె అయినా. క్లోస్ట్రీడియం బోట్యులినం అనే సూక్ష్మజీవి బీజాలు అందులో ఉండవచ్చు, ఆ వయసు పేగులో అవి మొలకెత్తి విషం తయారు చేస్తాయి. మొదటి గుర్తు ఏమిటో తెలుసా? మలబద్ధకం. తర్వాత ఏడుపు నీరసించి, మెడ నిలపలేక, పాలు తాగలేక పోతుంది.

"మరి ఏం పొయ్యమంటారు?" అందావిడ. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మరేమీ వద్దు, నీళ్లు కూడా వద్దన్నాను. మాటలు రావాలంటే మీరే రోజూ దానితో మాట్లాడండి, అంతకంటే మంచి వస లేదన్నాను. నమ్మిందో లేదో గానీ కొమ్ము నా బల్ల మీద వదిలేసి వెళ్లింది.

తర్వాత

రెండు వారాలకి విరేచనం మెత్తబడింది, రోజూ అవుతోంది. తిండి మాత్రం పెద్దగా మారలేదు. పాలు తగ్గించినందుకు మొదట్లో రాత్రిళ్లు పెద్ద గొడవే జరిగింది, తండ్రి ఒకసారి రహస్యంగా గ్లాసు ఇచ్చాడు కూడా. మధ్యలో విరేచనం నల్లగా అవుతోందని అమ్మ కంగారుగా ఫోన్ చేసింది. ఇనుము వల్ల అలా అవుతుంది. నల్లగా, జిగురుగా, కంపు కొడుతూ ఉంటే మాత్రం వెంటనే రావాలని చెప్పాను.

ఆరు వారాలకి బరువు 14.3. పదకొండింటికల్లా అన్నం అడుగుతున్నాడనీ, నెయ్యి ముద్దని "నా పొడన్నం" అంటున్నాడనీ నాయనమ్మ చెప్పింది. అదే సమయంలో దగ్గు, కాస్త జ్వరం. ఏడాది నుంచి ఐదేళ్ల వయసు వాళ్లలో శ్వాస నిమిషానికి 40 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే న్యుమోనియా అనుమానించాలి. పిల్లవాడు ప్రశాంతంగా ఉన్నప్పుడు పూర్తి నిమిషం లెక్కపెడితే 32 వచ్చింది. డొక్కలు ఎగరడం లేదు. నాలుగైదు తులసి ఆకులు, రెండు మిరియం గింజలు కప్పు నీళ్లలో సగమయ్యేదాకా మరిగించి, చల్లారాక అర చెంచా తేనెతో, రెండు చెంచాల చొప్పున రెండు పూటలా మూడు రోజులు. అన్న కాబట్టి తేనె సరే, చెల్లెలి చేతికి ఆ చెంచా వెళ్లకూడదు. వేడినీళ్ల గిన్నె మీద దుప్పటి కప్పి ఆవిరి పట్టడం ఈ వయసులో వద్దన్నాను, గిన్నె ఒరిగి ఒళ్లు కాలిన పిల్లలు ప్రతి చలికాలం ఏదో ఒక ఆసుపత్రిలో ఉంటారు.

సంక్రాంతికి గాడి తప్పింది. ఇంటి నిండా చుట్టాలు, అరిసెలు, జంతికలు, పీట ఎవరో అటక మీద పెట్టేశారు, మలం మెత్తబడటానికి పిల్లల డాక్టరు గారు ఇచ్చిన పొడి మందు మరిచిపోయారు. పండగ అయ్యేసరికి మళ్లీ తలుపు వెనక నిలబడటం మొదలైంది. పిల్లల మలబద్ధకంలో ఇది మామూలే. మందు నెలల తరబడి మెల్లగా తగ్గించాలి గానీ ఒకసారి బాగయింది కదా అని ఆపకూడదు. పిల్లల డాక్టరు గారు మోతాదు సరిచేశారు, వారంలో దారికొచ్చింది.

మూడు నెలలకి బరువు 14.9, హిమోగ్లోబిన్ 11.4. నిల్వలు నిండేదాకా ఇనుము ఇంకా కొనసాగుతోంది.

ఇందులో మూలికల వాటా ఎంత? హిమోగ్లోబిన్ పెంచింది ఇనుము సిరప్. పేగు ఖాళీ చేసింది పిల్లల డాక్టరు గారి పొడి మందు. ఆకలి తెచ్చింది ఎక్కువగా పాలు తగ్గడం. ఎండుద్రాక్షలూ శొంఠి పొడీ లేకపోయినా ఈ అంకెలు ఇంచుమించు ఇలాగే ఉండేవని నా అంచనా. అయితే అవి లేకపోతే ఆ ఇంట్లో ఈ మార్పు నిలిచేది కాదని కూడా అంతే గట్టిగా అనుకుంటున్నాను. ఆముదం, వస, కర్పూరం ఒక్కసారిగా లాగేసుకుని నాయనమ్మ చేతులు ఖాళీగా ఉంచి ఉంటే, నెల తిరక్కుండా ఇంకో డబ్బా ఏదో ఆ చేతుల్లోకి వచ్చేది. ఇప్పుడు పొడి దంచేది ఆవిడ, ద్రాక్ష నలిపేది ఆవిడ, పొట్టకి నూనె రాసేది ఆవిడ. వాము, జీలకర్ర, కరివేపాకు, ధనియాలు ఈ మోతాదులో చెడు చేయవు, అన్నం రుచి పెంచుతాయి. వాటిని మందు సీసాలో కాకుండా అన్నం కంచంలో పెట్టినప్పుడే పిల్లల విషయంలో నాకు ధైర్యం. రోగనిరోధక శక్తికి సిరప్ ఏదైనా రాయమని తండ్రి అడిగాడు. బడికెళ్లే పిల్లలకి ఏడాదికి ఆరు, ఎనిమిది జలుబులు మామూలేనని చెప్పాను. ఆయన ముఖం చూస్తే తృప్తి పడినట్టు లేదు.

చెల్లెలికి ఆరు నెలలు నిండి అన్నప్రాశన అయ్యాక నాయనమ్మ ఒక్కతే వచ్చింది, ఉగ్గులో ఏం వెయ్యాలో రాయించుకోవడానికి. బియ్యం మూడు పాళ్లు, పెసరపప్పు ఒక పాలు కడిగి ఆరబెట్టి, దోరగా వేయించి, గుప్పెడు పిండికి నాలుగు జీలకర్ర గింజల లెక్కన వేసి మెత్తగా విసరడం. నీళ్లలో గరిటె జారుగా ఉడికించి, నెయ్యి చుక్క. ఏడాది దాకా ఉప్పు, పంచదార, తేనె లేవు. అంగన్‌వాడీలో లేదా ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటరు చొప్పున తప్పకుండా అడిగి తీసుకోమన్నాను. "వాము వెయ్యనా?" అంది. ఎనిమిదో నెలలో చూద్దాం అన్నాను.